పాత ఆంప్లిఫయర్‌ను పారేయమనకండి

హోమ్ థియేటర్‌పై గతవారం మీరు వేసిన వ్యాసం చదివాను. హెచ్‌డీఎంఐ లేని రిసీవర్ దండగనీ, ఖరీదైన కేబుల్ వేస్తేనే బొమ్మ బాగుంటుందనీ రాశారు. రెండూ ఒప్పుకోలేను.

మా పాతబస్తీలో మంచి ఆంప్లిఫయర్లు, బరువైన స్పీకర్లు ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. చాలా కొత్త టీవీల వెనక ‘ఆప్టికల్’ అని రాసిన చిన్న చదరపు రంధ్రం ఉంటుంది. రిసీవర్‌కూ అది ఉంటే, ఒక్క కేబుల్‌తో 5.1 డాల్బీ డిజిటల్ వినొచ్చు. ఉత్త స్టీరియో ఆంప్లిఫయర్ అయితే మధ్యలో డిజిటల్ సంకేతాన్ని అనలాగ్‌గా మార్చే చిన్న డాక్ డబ్బా పెట్టి, టీవీ సెట్టింగుల్లో ‘పీసీఎం’ ఎంచుకుంటే చాలు. ఇవన్నీ మూసీ దాటగానే కోఠి గుజరాతీ గల్లీలో దొరికేవే. డాల్బీ ట్రూహెచ్‌డీ కావాలంటే మాత్రం ఆప్టికల్ చాలదు, హెచ్‌డీఎంఐ ఉండాల్సిందే.

కేబుల్ సంగతికొస్తే, హెచ్‌డీఎంఐలో వెళ్లేది డిజిటల్ సంకేతం. అది సరిగా అందకపోతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, లేదా బొమ్మ పోతుంది. అంతేగానీ రంగులు వెలిసిపోవు. రెండు మీటర్లకు సెకనుకు 18 గిగాబిట్ల సర్టిఫికెట్ ఉన్న మామూలు కేబుల్‌తో 4కే బొమ్మ నిక్షేపంగా వస్తుంది. పది మీటర్లు లాగాలంటేనే జాగ్రత్త అవసరం.

డబ్బు ఖర్చు కాని పని ఒకటుంది. స్పీకర్ తీగ ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే బిగించారో లేదో చూడాలి. ఒక్క స్పీకర్‌కు తారుమారైనా బేస్ పలచబడిపోతుంది.

కొత్తవి కొనమనే ముందు, ఉన్నవాటిని కలిపే పద్ధతి బొమ్మలతో సహా ప్రచురించండి. పాఠకులకు డబ్బు మిగులుతుంది, చెత్తకుప్పకు భారం తగ్గుతుంది.

— ఒక పాఠకుడు, శాలిబండ, హైదరాబాద్