సంచిలో ప్యాకెట్లు లెక్కపెట్టిన సారుకి, పక్కన నవ్విన మనకి

పోస్టు కొంచెం పెద్దదే. చివరిదాకా చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి.

వేసవి సెలవులకి ఊరెళ్ళినప్పుడు మా మండలంలో సంత రోజున పోషకాహారం మీద అవగాహన సదస్సు పెట్టారు. టెంటు వేశారు, మైకు పెట్టారు, బయట నుంచి ఒక సారు వచ్చాడు. సంత చేసుకుని తిరిగి వెళ్తున్న ఆడవాళ్ళని పిలిచి కూర్చోబెట్టారు. సారు కాసేపు మాంసకృత్తులు, విటమిన్లు అని చెప్పి, ముందు వరసలో ఉన్న ఒకమ్మని లేపాడు. "ఏమ్మా, సంచిలో ఏం కొన్నావో చూపించు" అన్నాడు. ఆవిడ మొహమాటపడింది. పక్కనున్న మనిషి సంచి తీసుకుని బల్ల మీద బోర్లించాడు. సారు మైకులోనే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... పదకొండు. పదకొండు చిప్స్ ప్యాకెట్లు. "చూశారా? పిల్లాడు బరువు లేడు అంటారు. బరువు ఎలా వస్తాడు?" అన్నాడు.

జనం నవ్వారు. వెనకాల నిలబడ్డ మేమూ నవ్వాం. దాచుకోవడం దేనికి, నవ్వాం.

ఆవిడ మాతో చదివిన ఒకబ్బాయికి తల్లి. మేం పిన్ని అని పిలిచే మనిషి. సామాన్లన్నీ తిరిగి సంచిలో సర్దుకుని, తల వంచుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత నెల అంగన్‌వాడీలో పిల్లల బరువులు తూచే రోజున చిన్న పిల్లాడిని తీసుకురాలేదు. ఎందుకు రాలేదు పిన్నీ అని అడిగితే ఒకే మాట అంది: "మళ్ళీ ఏం విప్పమంటారో అని."

సదస్సు సాధించింది ఇదీ. బరువు తక్కువున్న పిల్లాడు తూకానికే రాకుండా పోయాడు. అందుకే ఈ పోస్టు రాస్తున్నాం.

ముందు ఆ సంచి లెక్క సరిగ్గా చూద్దాం. పదకొండు ప్యాకెట్లు, ఒక్కోటి 5 రూపాయలు, మొత్తం 55 రూపాయలు. బల్ల మీద ఇంకేం పడ్డాయో సారు మైకులో చెప్పలేదు. మేం చెప్తాం. నూనె, ఉప్పు, కందిపప్పు, ఉల్లిపాయలు, ఎండుచేపలు, బట్టల సబ్బులు, ముసలాయనకి పొగాకు. తర్వాత ఆవిడతో కూర్చుని లెక్కేస్తే ఆ రోజు సంతలో పెట్టిన ఖర్చు 640 రూపాయలు. అంటే వంద రూపాయల్లో తొమ్మిది రూపాయలు కూడా ప్యాకెట్లకి పోలేదు. ఆ పదకొండూ ఒక్క పూటకి కాదు, ఒక్క పిల్లాడికి కాదు. ఇంట్లో ముగ్గురు పిల్లలు, పక్కింట్లో తోటికోడలి పిల్లలు ఇద్దరు. మళ్ళీ సంత వచ్చేదాకా అవే. తలా రెండు ప్యాకెట్లు, ఒకటి మిగులు.

ఇప్పుడు దేశం లెక్క చూడండి. కేంద్ర ప్రభుత్వం 2022-23లో చేసిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పల్లెల్లో ఒక మనిషికి నెల ఖర్చు సగటున 3,773 రూపాయలు. అందులో పానీయాలు, చిరుతిళ్ళు, ప్రాసెస్ చేసిన ఆహారం మీద పెట్టేది 9.62 శాతం. పట్నాల్లో నెల ఖర్చు 6,459 రూపాయలు, అందులో వీటి వాటా 10.64 శాతం. రూపాయల్లో చెప్పాలంటే పల్లెలో సుమారు 363, పట్నంలో సుమారు 687. ఈ ఖాతాలో టీ, హోటల్ భోజనం కూడా కలిసి ఉన్నాయి, ఆ మాటా చెప్పాలి. అయినా ఎవరి చెయ్యి ఎటు పోతోందో తెలుస్తూనే ఉంది. పల్లెల్లో ఉండే షెడ్యూల్డ్ తెగల మనిషి నెల ఖర్చు మొత్తం కలిపి 3,016 రూపాయలు. పల్లె సగటు కన్నా తక్కువ, పట్నం ఖర్చులో సగం కన్నా తక్కువ. సూపర్ మార్కెట్ దగ్గర నిలబడి తోపుడు బండి నింపుకొచ్చిన వాళ్ళని ఆపి, బల్ల మీద బోర్లించి, మైకులో లెక్కపెట్టే సారు ఎవరైనా ఉన్నాడా? అక్కడైతే అది వాళ్ళ సొంత విషయం. మన దగ్గరికొచ్చేసరికి "అవగాహన" అయిపోతుంది.

ఇంకో మాట. ఆ రోజు సదస్సు అయ్యాక అందరికీ ఏం పంచారో తెలుసా? తలా ఒక బిస్కెట్ ప్యాకెట్, కాగితం గ్లాసులో కూల్‌డ్రింక్. ఆ ప్యాకెట్లు ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇక్కడ కొందరు అడుగుతారు. "అయితే ప్యాకెట్లు మంచివంటారా?" అనలేదు. అనం. మైదా, పామాయిలు, ఉప్పు, చక్కెర, రంగు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్నవాటిని, బాగా ప్రాసెస్ చేసిన ఆహారాన్ని వీలైనంత తగ్గించమనే చెప్పింది. పైగా మన పిల్లలకి ఇంకో కష్టం ఉంది. చిన్న పిల్లాడి కడుపు చిన్నది. పదకొండింటికి ఒక ప్యాకెట్ తింటే ఒంటిగంటకి అన్నం వద్దంటాడు, గుడ్డు సగం వదిలేస్తాడు. ప్యాకెట్ చేసే నష్టం లోపలున్న దానితోనే ఆగదు, అది వేరే తిండి జాగా కూడా తీసుకుంటుంది. ఈ మాట సారు చెప్పి ఉంటే మేమే చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆయన అది చెప్పలేదు. ఒక తల్లిని నిలబెట్టి, నువ్వే పిల్లాడిని పాడు చేస్తున్నావన్నాడు.

ఆవిడ ఎందుకు కొంటుందో అడిగారా? మేం అడిగాం. తెల్లారకుండా లేచి నీళ్ళు తెస్తుంది. ఉపాధి పని ఉన్న రోజు పనికి, లేని రోజు కొండకి. చింతపండు రోజుల్లో చింతపండు, చీపుర్ల రోజుల్లో కొండచీపుర్లు. దుంపలు ఉడకబెట్టాలంటే కట్టెలు కావాలి, పొయ్యి దగ్గర మనిషి ఉండాలి. మధ్యాహ్నం పిల్లాడు ఆకలని ఏడిస్తే ఇంట్లో ఉండేది ముసలమ్మ, ఆవిడకి కళ్ళు కనపడవు. ప్యాకెట్ చించితే చాలు. పాడవదు, చీమ పట్టదు, వండక్కర్లేదు. "వాడు ఏడవకుండా ఉంటే నేను కొండ మీద ధైర్యంగా ఉంటాను" అంది పిన్ని. ఆ 5 రూపాయలతో ఆవిడ కొనుక్కుంటున్నది ఆ ధైర్యాన్ని. దానికి బదులు ఇంకేదైనా చేతికిచ్చి, అప్పుడు మాట్లాడండి.

మన గూడేలకి వచ్చే దారుల సంగతి కూడా మాట్లాడదాం. గర్భిణిని ఇంకా డోలీలో మోసుకెళ్ళే ఊళ్ళు ఏజెన్సీలో ఉన్నాయి. అంబులెన్సు కొండ కిందే ఆగిపోతుంది. కానీ చిప్స్ ప్యాకెట్ ఆగదు. బండికి రెండు వైపులా మూటలు కట్టుకుని వచ్చేస్తుంది. బండి పోని చోటికి నెత్తి మీద వెళ్తుంది. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కొట్టులో గుమ్మానికి దండల్లా వేలాడుతుంది, సరిగ్గా ఐదేళ్ళ పిల్లాడి చెయ్యి అందే ఎత్తులో. లోపల చిన్న బొమ్మ కూడా పెడతారు. అదే కొట్టులో అరటిపండు ఉండదు, వేయించిన శనగలు ఉండవు. ఉన్నదాంట్లోంచి కొన్న మనిషిని పట్టుకుని ఇదెందుకు కొన్నావంటే ఏం చెప్తుంది?

అసలు ఒకప్పుడు పిల్లలు ఏం తినేవాళ్ళు? మన తాతమ్మలని అడగండి. పొద్దున చోడి అంబలి. సామ అన్నం. కాల్చిన దుంపలు, ఉడకబెట్టిన పనస గింజలు, సీతాఫలం, నేరేడు పళ్ళు. అటు ఆదిలాబాద్ వైపు మన వాళ్ళకి జొన్న గటక, ఇప్పపువ్వు. ఇవన్నీ ఎక్కడికి పోయాయి? పోడు మీద ఆంక్షలు వచ్చాయి. చోళ్ళు వేసిన చెక్కల్లో చేతికి డబ్బు వచ్చే పంటలు వచ్చాయి. కోటా బియ్యం వచ్చాయి. అవి ఆకలి తీర్చాయి, కాదనం, కానీ కంచంలో తెల్లన్నం ఒక్కటే మిగిలింది. కంచం అలా మారడంలో ప్రభుత్వం చెయ్యి ఉంది, వ్యాపారి చెయ్యి ఉంది, అటవీ శాఖ చెయ్యి ఉంది. బల్ల ముందు నిలబడింది మాత్రం పిన్ని ఒక్కతే.

మన చెయ్యి కూడా ఉంది. ఈ మాట రాయడం కష్టంగానే ఉంది. హాస్టల్‌లో చేరిన మొదటి ఏడాది అంబలి పేరెత్తితే తోటి పిల్లలు వెక్కిరించారు. మనం నేర్చుకున్నది ఏంటంటే, అంబలి అంటే లేనోళ్ళ తిండి, ప్యాకెట్ అంటే చదువుకున్నోళ్ళ తిండి. పండక్కి ఇంటికెళ్ళేటప్పుడు తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఏం పట్టుకెళ్ళాం? ప్యాకెట్లే. వాళ్ళు గంతులేస్తే మురిసిపోయాం. అమ్మ అంబలి పోస్తే మనం మొహం తిప్పుకున్నాం, వాళ్ళు చూశారు. పిన్ని సంచిలోకి ఆ పదకొండూ రావడానికి దారి చూపించింది మనమే. ఆ రోజు వెనక వరసలో నిలబడి నవ్వింది కూడా మనమే.

ఇప్పుడు మైకు పట్టుకునే వాళ్ళని కొన్ని ప్రశ్నలు అడుగుదాం.

ఒకటి. బడి లోపల, బడి గేటు నుంచి 50 మీటర్ల దూరంలో కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధనలు తెచ్చింది. మన ఆశ్రమ పాఠశాలల గేటు ఎదురుగా నిలబడి చూడండి. 50 మీటర్లు కాదు, పది అడుగుల్లో దండలు వేలాడుతుంటాయి. తల్లి సంచి తనిఖీ చెయ్యడానికి తీరిక ఉన్న వాళ్ళకి ఆ కొట్టు కనపడలేదా?

రెండు. ప్యాకెట్ మీద వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలో హిందీలోనో ఉంటే చాలు. తెలుగు తప్పనిసరి కాదు. కువి, కోయ, గోండి, ఆదివాసీ ఒడియా మాట దేవుడెరుగు. అక్షరాలు రాని తల్లికి కూడా తెలిసేలా ముందు వైపు పెద్ద గుర్తు పెట్టొచ్చు. చిలీ దేశం 2016 నుంచి నల్లటి హెచ్చరిక ముద్రలు వేయిస్తోంది. మన దగ్గర 2022లో నక్షత్రాల రేటింగ్ అని ముసాయిదా పెట్టారు. చెడ్డ తిండికి కూడా ఒకటో అరో నక్షత్రం ఇస్తే, నక్షత్రం చూసిన అమ్మ మంచిదనుకోదా? సారూ, ఆవిడకి "అవగాహన లేదు" అన్నారు. అవగాహన రాయాల్సిన చోట రాయించారా?

మూడు. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, మిక్చర్ లాంటి నమ్‌కీన్ల మీద 12 నుంచి 5 శాతానికి దిగింది. ధర తగ్గితే మాకూ మంచిదే. కానీ ఒక చేత్తో ప్యాకెట్ చవక చేసి, ఇంకో చేత్తో కొన్న తల్లిని తప్పుపడితే దాన్నేమనాలి?

నాలుగు. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. మన చోళ్ళు పట్నంలో రాగి బిస్కెట్లయ్యాయి. అలాంటి ఒక ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివాం. పదార్థాలు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత రాయాలన్నది నియమం. ముందు మైదా, తర్వాత చక్కెర, తర్వాత నూనె, ఆ వెనక ఎక్కడో రాగి. 1956 నుంచి ఉన్న మన గిరిజన సహకార సంస్థ, చింతపండు, తేనె, కాఫీ కొని అమ్మే సంస్థ, అదే 5 రూపాయలకి చోడి ఉండ, పల్లీ చిక్కీ ప్రతి డిపోలో ఎందుకు పెట్టకూడదు? పండించేది మనం. తినేది మన పిల్లలే ఎందుకు కాకూడదు?

ఇవి అడగడం సులువు. మనం చేసేవి కూడా చెప్పకపోతే ఈ పోస్టు కూడా ఇంకో మైకే అవుతుంది. మేం ఏడుగురం కూర్చుని అనుకున్నవి ఇవి.

ఇకపై ఏ సదస్సులోనైనా ఎవరి సంచి అయినా విప్పమంటే లేచి వద్దంటాం. మర్యాదగానే, కానీ గట్టిగా. మన ఆశ్రమ పాఠశాలల గేట్ల దగ్గర దూరం టేపుతో కొలిచి, ఫొటో తీసి, ఐటీడీఏ గ్రీవెన్స్‌లో అర్జీ పెడతాం. కొట్టాయన మీద కోపంతో కాదు. ఆయన కూడా మన ఊరాయనే, శనగలు, పల్లీలు, అరటిపళ్ళు పెట్టమని ముందు ఆయన్నే అడుగుతాం. ఇంటికెళ్ళేటప్పుడు ప్యాకెట్లు పట్టుకెళ్ళం. ఇంట్లో చోడి అంబలి పోస్తే పిల్లలు చూస్తుండగా తాగుతాం, ఇంకో గ్లాసు అడుగుతాం. వాళ్ళు సారు మాట వినరు, మనల్ని చూసే నేర్చుకుంటారు.

చివరిగా పిన్ని సంగతి. మేం వెళ్ళి తప్పయిందని చెప్పాం. "మీరేం చేశారురా, పొండి" అని నవ్వేసింది, కానీ కళ్ళల్లోకి చూడలేదు. ఆ తర్వాత తూకం రోజున మాలో ఇద్దరం పిల్లాడిని ఎత్తుకుని ఆవిడతో అంగన్‌వాడీకి వెళ్ళాం. బరువు తక్కువే ఉంది. టీచరమ్మ ఒక్క మాట తప్పుగా అనలేదు. గుడ్లు ఇచ్చి, మళ్ళీ నెల తీసుకురా అంది. పిన్ని సరేనంది.

ఆ పిల్లాడు మళ్ళీ తూకానికి రావాలి. మీ మీ గూడేల్లో ఇలా రావడం మానేసిన పిల్లలు ఎవరున్నారో ఒకసారి చూడండి. ఆ తల్లి ఇంటికి వెళ్ళండి. సంచి వైపు చూడకండి.

జై ఆదివాసీ.