బట్టీ ఉన్న బేకరీకే నా ఓటు

పాలకీడు, నేరేడుచర్ల, హుజూర్‌నగర్, మిర్యాలగూడ దారుల్లో ట్రాలీ ఆటో మీద గుడ్లు సప్లై చేయడం నా పని. కిరాణా దుకాణాలు, హోటళ్లు, హాస్టళ్లు, బేకరీలు నా గిరాకీ. అందరూ బేకరీలోకి ముందు నుంచి పోతారు. నేను వెనక కార్ఖానా తలుపులోంచి పోతాను. అద్దాల వెనక కేకు ఎంత మెరిసినా, అది అక్కడే తయారైందా, ఎక్కడి నుంచో బండిలో వచ్చి దిగిందా అన్నది నాకు అట్టల లెక్క చెప్తుంది. అట్టకు ముప్పై గుడ్లు. రోజూ పది అట్టలు దింపుకునే దుకాణం రెండు అట్టలకు వచ్చిందంటే, ఆ గుడ్లు ఎగ్ పఫ్‌లకు మాత్రమే పోతున్నాయని అర్థం. అక్కడ కేకు చేయడం ఆగిపోయింది. కొన్నాళ్లకు బన్ను కూడా ఆగుతుంది. ఆ తర్వాత బట్టీ ఆరుతుంది. దుకాణం మాత్రం నడుస్తనే ఉంటది, బోర్డు మీద బేకరీ అనే రాసి ఉంటది.

ఈ పోకడ ఊళ్లకు మంచిది కాదు. ఇందులో నాకు స్వలాభం ఉన్నమాట నిజమే. బట్టీ ఆరితే నా అట్టలు తగ్గుతాయి. కానీ నేను గుడ్లు ఇంకోచోట అమ్ముకోగలను, ఊరికి మాత్రం ఆరిన బట్టీ మళ్లీ వెలగదు.

మా దిక్కు చిన్న ఊళ్లలో చాలా బేకరీల పేర్ల ముందు బెంగళూరు ఉంటుంది. నడిపేవాళ్లలో ఎక్కువమంది కర్ణాటకలోని హాసన్ జిల్లా నుంచి వచ్చినవాళ్లు. ఆ జిల్లాకే చెందిన తిరుమలాచార్ 1898లో బెంగళూరు చిక్కపేటలో బీబీ బేకరీ పెట్టారు. అయ్యంగార్ బేకరీల వరుస అక్కడ మొదలైంది. ఆ పని నేర్చిన మనుషులు తాలూకాలు, జిల్లాలు, చివరికి రాష్ట్రాలు దాటి వచ్చారు. అన్న వచ్చి దుకాణం పెడతాడు, తమ్ముణ్ణి పిలుస్తాడు, తమ్ముడు పని పట్టుకున్నాక పక్క మండలంలో ఇంకోటి తెరుస్తాడు. హైదరాబాద్ దారి వేరు. అక్కడ ఇరానీ హోటళ్లు, ఉస్మానియా బిస్కెట్లు, దేశ విభజన తర్వాత సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో పెట్టిన కరాచీ బేకరీ. ఆ బిస్కెట్ డబ్బాలు ఇవాళ విమానాలెక్కి పోతున్నాయి. మా బేకరీల సరుకు ఊరు దాటదు. పొద్దున చేసింది రాత్రికి అమ్ముడుపోవాలి. దాని బలం, బలహీనత రెండూ అందులోనే ఉన్నాయి.

నేను రోజూ పోయే ఒక బేకరీ గురించి చెప్తాను. యజమానికి పేపర్లో పేరు పడటం ఇష్టం లేదు కాబట్టి పేరు రాయను. అన్నదమ్ములు ఇద్దరూ హాసన్ నుంచి వచ్చినవాళ్లే. ఇప్పుడు వాళ్ల తెలుగు నా తెలుగంత ఉంటది. మొదట్లో వాళ్లది ఇటుకల బట్టీ. సాయంత్రం చింత మొద్దులు పెట్టి కాల్చేవాళ్లు. ఇటుకలు బాగా వేడెక్కాక నిప్పులు లాగేసి, తడి గోనెతో నేల తుడిచి, ముందు బ్రెడ్ పెట్టేవాళ్లు. బ్రెడ్‌కు వేడి ఎక్కువ కావాలి. వేడి కొంచెం దిగాక బన్నులు, ఇంకొంచెం దిగాక కేకులు, ఆ తర్వాత బిస్కెట్లు. అన్నిటికంటే చివర, బట్టీ చల్లబడుతున్నప్పుడు, అమ్ముడుపోని బ్రెడ్‌ను ముక్కలు కోసి లోపల పెట్టి తలుపు మూసేవాళ్లు. తెల్లారేసరికి రస్కులు తయారు. ఒకసారి కాల్చిన కట్టెతో రాత్రంతా పని. దిగుతున్న వేడిలో ఏ సరుకు ఎప్పుడు పెట్టాలో బట్టీ చూసుకునే ఉస్తాద్ చేయి లోపల పెట్టి చెప్పేవాడు. ఎక్కడా మీటరు లేదు. ఇంత తెలివి ఉన్న పనిని మనం పని అనుకోము, చదువు రానివాడి బతుకుదెరువు అనుకుంటాం. అది నాకు బాధ.

ఆ బేకరీ ఊరికి ఏం చేస్తుందో దుకాణం ముందు ఒక పూట నిలబడితే తెలుస్తుంది. జ్వరం వచ్చినవాళ్లకు ఇప్పటికీ మా దిక్కు పాలు, బ్రెడ్డే. ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూడబోతే చేతిలో బ్రెడ్ ప్యాకెట్ ఉంటది. మహంకాళిగూడెం సిమెంట్ ఫ్యాక్టరీ షిఫ్టు దిగేవాళ్లు, దామరచర్ల అవతల వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం పనులకు బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు చాయ్‌లో బన్ను ముంచుకుని పొద్దు ప్రారంభిస్తారు. బడి వదిలే వేళకు పఫ్‌ల ట్రే బయటికి వస్తది. జనవరిలో జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సుకు హిందువులు, ముస్లింలు కలిసి కందూర్లు చేస్తారు. ఆ రోజుల్లో బట్టీకి నిద్ర ఉండదు. రంజాన్ నెలలో డబల్ కా మీఠాకు బ్రెడ్, క్రిస్మస్‌కు ప్లమ్ కేక్, డిసెంబర్ 31న రోడ్డు మీద షామియానా వేసి పేర్చే న్యూ ఇయర్ కేకులు. నాట్ల కాలంలో కూలీల ముఠా మేస్త్రీ ముప్పై బన్నులు తీసుకుపోయి లెక్క వారానికి కడతాడు. ఆ ఖాతా పుస్తకం సూపర్ మార్కెట్‌లో దొరకదు.

ఇప్పుడు ఆ బతుకు మీద ఒకదాని మీద ఒకటి దెబ్బలు పడుతున్నాయి.

1965లో కేంద్రం పెట్టిన మోడరన్ బేకరీస్‌ను 2000లో హిందుస్తాన్ లీవర్‌కు అమ్మారు. అయినా బ్రెడ్ తయారీ చిన్న పరిశ్రమలకు కేటాయించిన వస్తువుల జాబితాలోనే ఉండేది. 2015 ఏప్రిల్‌లో ఆ జాబితాలో మిగిలిన చివరి ఇరవై వస్తువులనూ తీసేశారు. వాటిలో పచ్చళ్లు, అగరొత్తులు, గాజులతో పాటు బ్రెడ్ కూడా ఉంది. మా ఊళ్లలో ఎవరికీ ఆ వార్త తెలియదు. వారం నిలవ ఉండే కంపెనీ బ్రెడ్ కిరాణా కొట్ల ముందు వేలాడటం మాత్రం అందరూ చూశారు. నిలవకు మందు కలపని బేకరీ బ్రెడ్ రెండు మూడు రోజులే ఆగుతుంది, వానాకాలం అయితే అదీ కష్టం.

2025 సెప్టెంబర్ 22 నుంచి కేకులు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. కొనేవాళ్లకు మేలే, నేను కాదనను. కానీ దీనికి ఇంకో ముఖం ఉంది. జీఎస్టీ పరిధిలోకి రాని చిన్న బేకరీ ఇన్నాళ్లూ కంపెనీ ప్యాకెట్ కంటే కాస్త తక్కువకు ఇవ్వగలిగేది. ఆ తేడా ఇప్పుడు సన్నబడింది. దానికి బదులుగా ఈ చిన్నవాళ్లకు ఏమిచ్చారు అని అడిగేవాళ్లు ఎవరూ కనబడలేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ సదుపాయం రూపంలో వచ్చింది. ముందు కేక్ జెల్ వచ్చింది, గుడ్లు సగం తగ్గాయి. తర్వాత ప్రీమిక్స్ వచ్చింది, నీళ్లు, నూనె పోసి కలిపితే కేకు. ఇప్పుడు ఆ శ్రమ కూడా వద్దు, ఫ్రాంచైజీ తీసుకోండి, రంగులు మేమే వేయిస్తాం, కేకులు ఫ్రిజ్ బండిలో పంపుతాం, మీరు అమ్మిపెట్టండి చాలు అంటూ మనుషులు వస్తున్నారు. గుడ్ల రేటు సరిగ్గా చలికాలంలో, కేకుల గిరాకీ పెరిగేటప్పుడే పెరుగుతుంది. పని తెలిసిన కుర్రాళ్లు దొరకరు. ఉస్తాద్‌కు వయసు మీద పడింది. అలాంటప్పుడు ఆ మాట తియ్యగానే ఉంటది. ఒప్పుకున్నవాళ్లను నేను తప్పు పట్టను. కానీ ఒప్పుకున్నాక ధర వాళ్లది కాదు, రుచి వాళ్లది కాదు, మిగిలిపోయిన సరుకు నష్టం మాత్రం వాళ్లదే. కూలీ ముఠాకు అరువు ఇవ్వాలంటే కంప్యూటర్ బిల్లు ఒప్పుకోదు.

నేను చెప్పిన అన్నదమ్ముల దగ్గరికీ వచ్చారు. వాళ్లు వద్దన్నారు. అట్లని పాతదాన్ని పట్టుకుని కూర్చోలేదు, మారారు. ఇటుకల బట్టీ తీసి కరెంటు ఓవెన్ పెట్టారు. కట్టె పొగ పోయింది, రుచిలో కొంచెం తేడా వచ్చింది, నాకు తెలుస్తుంది. అయినా సరుకు అక్కడే కాలుతోంది కాబట్టి నా లెక్కలో అది బట్టీయే. చిన్నవాడి కొడుకు కూల్ కేకులు నేర్చుకుని వచ్చాడు. పుట్టినరోజు పిల్లవాడి ఫొటో కేకు మీదికి ఎక్కిస్తున్నాడు, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటున్నాడు. 2016లో పాలకీడు మండలం అయ్యాక ఆఫీసులు వచ్చాయి, ఆఫీసుల్లో బదిలీలకూ రిటైర్మెంట్లకూ కేకు కోయడం అలవాటైంది. అది పట్టుకున్నారు. షుగర్ ఉన్నవాళ్లు అడుగుతున్నారని జొన్న బిస్కెట్లు, రాగి బిస్కెట్లు మొదలుపెట్టారు. మొదట్లో అవి విరిగి పొడి అయ్యేవి, ఇప్పుడు కుదిరాయి.

అసలు మార్పు పక్క గదిలో జరిగింది. ఆ గదిలో ఇంటి ఆడవాళ్లు కర్రీ పాయింట్ పెట్టారు. పప్పు, సాంబారు, రెండు కూరలు, చికెన్, గుడ్డు పులుసు. పొలం పనికి పోయి చీకటి పడ్డాక ఇంటికొచ్చే ఆడమనిషికి అన్నం ఒక్కటి వండుకుంటే చాలు. బ్యాచిలర్ గదుల్లో ఉండే కార్మికులకు అదే ఇల్లు. ఆ కౌంటర్ మీద వచ్చే రోజువారీ డబ్బు మైదా బస్తాలు, కరెంటు బిల్లు మోస్తున్నది. బట్టీని బతికిస్తున్నది కూరలు. మారడం అంటే ఇట్లా ఉండాలని నా ఉద్దేశం. ఊరికి ఏం కావాలో చూసి కొత్త పని ఎత్తుకోవాలి, చేతిలో ఉన్న విద్య వదలొద్దు.

ఇక సర్కారు సంగతి. నియమాలు వద్దని నేను అనను. బ్రెడ్‌లో వాడే పొటాషియం బ్రోమేట్‌ను 2016లో నిషేధించారు, మంచిపని. నూనెలు, డాల్డాల్లో ట్రాన్స్ ఫ్యాట్ రెండు శాతం మించకూడదని 2022 జనవరి నుంచి నిబంధన పెట్టారు, అదీ మంచిపనే. 2024 అక్టోబర్ 30న తెలంగాణలో పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించారు. గుడ్లు అమ్మేవాణ్ణి అయినా నేను దాన్ని సమర్థిస్తాను. ఎండాకాలం ట్రాలీలో గుడ్డు ఎంత వేడెక్కుతుందో నాకు తెలుసు, ఉడకని గుడ్డు గంటలకొద్దీ బయట ఉంటే ఏమవుతుందో కూడా తెలుసు. కానీ ఏది ఆపాలో చెప్పినంత తొందరగా, దాని బదులు ఏది ఎట్లా చేయాలో చెప్పేవాళ్లు ఊళ్లకు రావాలి. పాత డాల్డా పోయాక పఫ్ పొరలు విడివడక మా కార్ఖానాల్లో ఎన్ని ట్రేలు పారబోశారో నేను చూశాను. మిర్యాలగూడలోనో కోదాడలోనో రెండు రోజుల శిక్షణ ఉంటే ఆ నష్టం తప్పేది.

2020లో కేంద్రం పీఎంఎఫ్‌ఎంఈ పథకం తెచ్చింది. చిన్న ఆహార పరిశ్రమలకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ. దరఖాస్తుకు, ప్రాజెక్టు రిపోర్టుకు సాయం చేయడానికి జిల్లా రిసోర్స్ పర్సన్లను పెట్టాలని ఆ పథకంలోనే ఉంది. ఓవెన్, పిండి కలిపే మిక్సర్, కూల్ కేకుల ఫ్రిజ్ ఇవన్నీ దాని కిందికి వచ్చే సామాన్లే. అయితే రాత్రి పని చేసి పగలు అమ్మే మనిషి ఆన్‌లైన్ ఫారాలు ఎప్పుడు నింపాలి? సబ్సిడీ బ్యాంకు లోన్‌తో ముడిపడి ఉంది, లోన్‌కు లెక్కలు కావాలి, వీళ్ల లెక్క ఖాతా పుస్తకంలో పెన్సిల్‌తో ఉంటది. ఆ పుస్తకాన్ని బ్యాంకుకు అర్థమయ్యే కాగితంగా మార్చే మనిషి మండలానికి ఒక్కరున్నా చాలు.

మనం చేయగలిగింది కూడా ఉంది. పంద్రాగస్టుకు, జనవరి 26కు బడుల్లో పంచే బిస్కెట్ ప్యాకెట్లు, గ్రామసభ రోజు ఇచ్చే చాయ్ బిస్కెట్, హాస్టళ్లలో వారానికోసారి పెట్టే బ్రెడ్, నాయకుల పుట్టినరోజు కేకులు, వీటన్నిటి డబ్బూ మన మండలానిదే. ఆర్డర్ మాత్రం ఎక్కడో ఉన్న కంపెనీకి పోతుంది. సర్పంచులు, హెడ్మాస్టర్లు ఈ ఒక్క ఆర్డర్‌ను దగ్గరి బట్టీకి తిప్పితే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లకు పని నేర్చుకుంటున్నన్నాళ్లు జీతం వస్తుంది. శుభ్రం మీద అనుమానం ఉంటే ముందుగా పోయి కార్ఖానా చూడండి. వెనక తలుపు తీసి చూపించలేని దుకాణానికి ఆర్డర్ ఇవ్వకండి, అది కూడా న్యాయమే.

అధికారులు ఎవరైనా రావాలనుకుంటే మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగు లోపు రండి. పఫ్‌ల ట్రే లోపలికి పోకముందు ఉస్తాద్‌కు కాస్త తీరిక దొరికే సమయం అదొక్కటే.