కాన్సరు మందులు వాడుతుండగా పిత్తాశయానికి ఆపరేషనా?

తెనాలి నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు:

“డాక్టరు గారికి నమస్కారాలు. మా అత్తగారికి 56 ఏళ్ళు. రొమ్ము కాన్సరుకు ఆపరేషను అయింది. ఇప్పుడు మూడు వారాలకొకసారి కీమో ఎక్కిస్తున్నారు. ఆరింటిలో మూడు అయినవి. పోయిన నెలలో ఒకరోజు రాత్రి భోజనం చేసిన గంటకు కుడి డొక్కలో విపరీతమైన నొప్పి వచ్చి, వీపులోకి పాకి, మూడు గంటలకు తగ్గింది. స్కానింగులో పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నారు. సర్జను గారు తీసెయ్యాలంటున్నారు. కాన్సరు డాక్టరు గారు ఇప్పుడే వద్దు, ఆగమంటున్నారు. కాన్సరు మనిషికి మళ్ళీ కత్తి తగిలితే అది ఒళ్ళంతా పాకుతుందని మా ఆడపడుచు భయపెడుతోంది. ఇవన్నీ విని అత్తగారు ‘నా వల్ల కాదు, కీమో వద్దు, ఆపరేషనూ వద్దు, నన్నిలా వదిలెయ్యండి’ అంటున్నారు. మేము ఎవరి మాట వినాలి?”

ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య తరచు వస్తున్నాయి. అందుకని ఈ వారం జవాబు అందరికీ పనికొచ్చేలా కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మీ సర్జను గారు చెప్పిందీ నిజమే, కాన్సరు డాక్టరు గారు చెప్పిందీ నిజమే. ఒకరు పిత్తాశయాన్ని చూసి మాట్లాడారు, మరొకరు రక్తపరీక్ష చూసి మాట్లాడారు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. లోపం అక్కడే ఉంది.

పిత్తాశయం అంటే ఏమిటి?

కాలేయం కింద చిన్న వంకాయ ఆకారంలో అతుక్కొని ఉండే సంచినే పిత్తాశయం లేక గాల్ బ్లాడరు అంటారు. కాలేయం రోజుకు సుమారు ముప్పాతిక లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారు చేస్తుంది. ఆ రసంలో కొంత ఈ సంచిలో చేరి చిక్కబడుతుంది. మనం నూనె, నెయ్యి ఉన్న పదార్థం తిన్నప్పుడు సంచి ముడుచుకొని ఆ రసాన్ని పేగులోకి వదులుతుంది. లోపల రాయి ఉంటే, ముడుచుకునేటప్పుడు అది సంచి మూతికి అడ్డం పడవచ్చు. అప్పుడు వచ్చేదే మీ అత్తగారికి వచ్చిన నొప్పి. రాయి వెనక్కి జారితే నొప్పి తగ్గిపోతుంది. జారకపోతే సంచి వాచి, చీము పడుతుంది.

“కీమో వల్లనే రాళ్ళు పుట్టాయా?” అని చాలామంది అడుగుతారు. చాలామందిలో ఆ రాళ్ళు ముందునుంచే ఉంటాయి. కాన్సరు కోసం స్కానింగులు తీసినప్పుడు బయటపడతాయి. అయితే తిండి సరిగా లేక బరువు త్వరత్వరగా తగ్గినా, కడుపు కాన్సరుకు జీర్ణాశయం తీసేసినా, ఆక్ట్రియోటైడ్ వంటి కొన్ని ఇంజెక్షన్లు చాలాకాలం వాడినా కొత్తగా రాళ్ళు ఏర్పడే వీలు ఎక్కువ.

కాన్సరు డాక్టరు ఎందుకు ఆగమంటారు?

కీమో మందులు కాన్సరు కణాలతోపాటు ఎముక మూలుగలో రక్తకణాలు పుట్టే చోటును కూడా దెబ్బ తీస్తాయి. చాలా మందులతో, మందు ఎక్కించిన 7వ రోజు నుంచి 14వ రోజు లోపల తెల్లకణాలు బాగా తగ్గిపోతాయి. తర్వాత మెల్లగా కోలుకొని, మూడో వారం చివరకు మామూలుకు దగ్గరగా వస్తాయి. తెల్లకణాలు మన ఒంటికి కాపలాదారులు. వాళ్ళు లేని రోజుల్లో ఆపరేషను చేస్తే పుండు చీము పట్టవచ్చు, రక్తంలోకి విషం పాకవచ్చు. ప్లేట్‌లెట్లు తక్కువైతే రక్తం ఆగదు. మామూలుగా ఇవి ఘన మిల్లీమీటరుకు లక్షన్నరకు పైన ఉంటాయి. 50,000 కంటే తక్కువుంటే సర్జను కత్తి పట్టటానికి వెనుకాడతాడు. కీమో మధ్యలో పుండు మానటం కూడా ఆలస్యమవుతుంది. బెవాసిజుమాబ్ అనే మందు వాడేవారికి, అది ఆపిన తర్వాత కనీసం నాలుగు వారాలైనా గడవనిదే ముందుగా నిర్ణయించుకుని చేసే ఆపరేషను చెయ్యరు.

మరి సర్జను ఎందుకు తొందరపడతారు? ఈ నొప్పి ఒకసారి వచ్చిన వారికి మళ్ళీ వచ్చే అవకాశం ఉంది కనుక. అది సరిగ్గా తెల్లకణాలు తగ్గిన రోజుల్లో వచ్చి సంచి చీము పడితే ప్రాణం మీదికి వస్తుంది కనుక.

అయితే ఏం చెయ్యాలి?

ఇది నాలుగు రకాలుగా ఉంటుంది. మీ ఇంట్లో మనిషి ఏ రకంలోకి వస్తారో చూసుకోండి.

ఒకటి: స్కానింగులో రాళ్ళు కనిపించాయి గాని ఎన్నడూ నొప్పి రాలేదు. ఇలాంటి వారికి సాధారణంగా ఏమీ చెయ్యనక్కరలేదు. రాయి ఉందన్న కారణాన కాన్సరు చికిత్స ఆపకండి.

రెండు: ఒకటి రెండు సార్లు నొప్పి వచ్చి తగ్గింది, జ్వరం లేదు, కామెర్లు లేవు. మీ అత్తగారు ఈ రకం. కొవ్వు తగ్గించి తింటూ, మిగిలిన కీమో పూర్తి చేసుకొని, కణాలు కోలుకున్నాక ఆపరేషను చేయించుకోవచ్చు. నొప్పి మాటిమాటికీ వస్తుంటే రెండు కీమోల నడుమ, కణాలు పెరిగిన రోజులు చూసి చేస్తారు. తర్వాతి కీమోను కొద్ది వారాలు వెనక్కి జరుపుతారు. చాలా కాన్సర్లలో ఇలా జరపటానికి వీలుంటుంది. రక్తకాన్సరు వంటి కొన్నిటిలో అంత వీలుండదు. అది కాన్సరు డాక్టరు నిర్ణయించవలసిన విషయం.

మూడు: నొప్పి తగ్గటం లేదు, జ్వరం ఉంది, డొక్క కింద చెయ్యి పెట్టి నొక్కి ఊపిరి తీసుకోమంటే మధ్యలోనే ఊపిరి పట్టేస్తున్నారు. ఇది సంచి వాచిన లక్షణం. వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. సూదిమందులతోపాటు, కణాలు బాగుంటే ఆపరేషను చేస్తారు. కణాలు మరీ తక్కువైతే, స్కానింగులో చూస్తూ చర్మం గుండా సన్నని గొట్టం పంపి సంచిలోని చీము బయటికి తీస్తారు. దీనికి చాలాసార్లు పూర్తి మత్తు కూడా అవసరముండదు. గండం గడిచాక, కొన్ని వారాల తర్వాత తీరికగా సంచి తీస్తారు. గొట్టం పెట్టారంటే “ఇక ఆశ లేదు” అని ఏడవకండి. అది కాలం సంపాదించే ఉపాయం.

నాలుగు: కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం ముదురు రంగులో వస్తోంది, చలితో జ్వరం వస్తోంది. రాయి పెద్ద నాళంలోకి జారి ఉండవచ్చు. నోటి గుండా గొట్టం పంపి ఆ రాయిని తీస్తారు. అయితే కాన్సరు రోగికి కామెర్లు మందుల వల్లా రావచ్చు, కాలేయానికి జబ్బు పాకటం వల్లా రావచ్చు. కనుక పరీక్ష చెయ్యకుండా ఏదీ అనుకోకూడదు. కొన్ని కీమో మందులు పైత్యరసం ద్వారానే బయటికి పోతాయి. కామెర్లు ఉండగా వాటిని మామూలు మోతాదులో ఇస్తే విషమిస్తాయి. అందుకని కామెర్ల మాట దాచిపెట్టి పసరు మందుకో, వాతలు పెట్టించటానికో పరుగెత్తకండి.

నేను చేసిన తప్పు

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, ఒక రాత్రి డ్యూటీలో ఉండగా అరవై ఏళ్ళ రైతును కొడుకు తీసుకువచ్చాడు. కడుపు నొప్పి అన్నాడు. పొట్ట మెత్తగానే ఉంది. జ్వరం ఉందీ లేనట్టుగా ఉంది. గ్యాసు నొప్పి అనుకొని ఒక ఇంజెక్షను ఇచ్చి, ఇంటికి పంపించాను. మర్నాడు సాయంత్రం అదే కొడుకు ఆయన్ను మంచం మీద మోసుకొచ్చాడు. పిత్తాశయం కుళ్ళి పగిలింది. ఆపరేషను చేశారు గాని ఐదో రోజున ఆయన పోయాడు.

ఆయన లింఫ్ గ్రంథుల కాన్సరుకు పట్నంలో వైద్యం చేయించుకుంటున్నాడు. వాడుతున్న మందుల్లో స్టీరాయిడ్లు ఉన్నాయి. స్టీరాయిడ్లు జ్వరాన్ని, పొట్ట గట్టిపడటాన్ని కప్పిపుచ్చుతాయి. ఆ సంగతి నేను పుస్తకంలో చదువుకున్నదే. మందుల చీటీ ఆ రాత్రంతా కొడుకు చొక్కా జేబులోనే ఉంది. కాన్సరని తెలిస్తే చేర్చుకోరేమోనని అతను చూపించలేదు. నేనూ అడగలేదు. అడగవలసినవాణ్ణి నేను. ఆనాటి నుంచి కడుపు నొప్పితో ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న, “ఇంకేమైనా మందులు వాడుతున్నారా?” అనేదే.

డాక్టరు అడిగినా అడగకపోయినా మీరు చీటీ చూపించండి. ఒక కాగితం మీద ఇవి రాసి రోగి సంచిలో ఉంచండి: కాన్సరు ఏది, మందుల పేర్లు, ఆఖరి కీమో తేదీ, ఆఖరి రక్తపరీక్ష లెక్కలు, స్టీరాయిడ్లు, రక్తం పలచబడటానికి వాడే మాత్రలు, ఛాతీలో పోర్టు ఉందా లేదా, కాన్సరు డాక్టరు ఫోను నంబరు. మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ కాగితం తప్పక చూపాలి. డాక్సోరుబిసిన్ గుండెను బలహీనపరచవచ్చు. కనుక ముందు ఎకో పరీక్ష చేయిస్తారు. బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను దెబ్బతీయవచ్చు. స్టీరాయిడ్లు చక్కెరను పెంచుతాయి.

కీమో నడుస్తున్న రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకండి. అర్ధరాత్రి అయినా బయలుదేరండి. నొప్పికనో, జ్వరానికనో మీకు మీరే మాత్రలు వేసుకోవద్దు. అవి జ్వరాన్ని దాచిపెడతాయి. కొన్ని రకాల నొప్పి మాత్రలు ప్లేట్‌లెట్లు తక్కువున్నవారికి రక్తస్రావం కలిగిస్తాయి.

కత్తి తగిలితే పాకుతుందా?

పాకదు. కాన్సరుకు ముఖ్యమైన వైద్యాల్లో ఆపరేషను ఒకటి. మీ అత్తగారికి రొమ్ముకు చేసిందీ కత్తితోనే కదా! జబ్బు ముదిరాక ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చినవారు ఆపరేషను తర్వాత పోతే, జనం ఆ నింద కత్తి మీద వేశారు. మీ ఆడపడుచుకు కోపం రాకుండా ఈ మాట చెప్పండి.

పిత్తాశయం తీసే ఆపరేషను కొత్తదేమీ కాదు. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ మొదటిసారి చేశాడు. 1985లో జర్మనీలోనే ఎరిక్ ముహె పొట్ట కొయ్యకుండా రంధ్రాల ద్వారా తీశాడు. మన దేశానికి ఆ పద్ధతి 1990లో బొంబాయిలో వచ్చింది. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో సైతం నాలుగు చిన్న రంధ్రాలతో చేస్తున్నారు. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్ళవచ్చు. లోపల అతుకులు ఎక్కువుంటే పొట్ట కోసి చెయ్యవలసి రావచ్చు. అది సర్జను తప్పు కాదు, జాగ్రత్త. సంచి లేకపోయినా పైత్యరసం నేరుగా పేగులోకి పోతుంది కనుక అరుగుదలకు లోటుండదు. కొందరికి కొన్నాళ్ళు విరేచనాలు పలచగా అవుతాయి. తీసిన సంచిని తప్పనిసరిగా బయాప్సీకి పంపమనండి. దానిలోనూ అరుదుగా కాన్సరు దాగి ఉంటుంది.

ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే రాళ్ళు పడిపోతాయని చెప్పేవారున్నారు. అప్పుడు విరేచనంలో పచ్చగా కనిపించే ఉండలు రాళ్ళు కావు. ఆ నూనె పేగులో సబ్బులా మారి కట్టిన ఉండలు. అంత నూనె ఒక్కసారి తాగితే పిత్తాశయం గట్టిగా ముడుచుకొని నొప్పి వచ్చే ప్రమాదమే ఎక్కువ.

తిండి సంగతి

గారెలు, పూరీలు, ముద్దపప్పులో నెయ్యి, ఆవకాయ మీద తేలే నూనె, వేట మాంసం కొవ్వు మానండి. అంతమాత్రాన మనిషిని పస్తు పెట్టకండి. పస్తుంటే రాళ్ళు పెరుగుతాయి, కీమో తట్టుకునే శక్తి పోతుంది. ఇడ్లీ, పెసరకట్టు, ఉడికించిన గుడ్డు తెల్లసొన, పులుసు చేపలు, వెన్న తీసిన పాలు కొంచెం కొంచెంగా ఐదారు సార్లు పెట్టండి.

ఖర్చు విషయానికి వస్తే, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాల కింద చేర్చిన ఆసుపత్రుల్లోనూ ఏమేమి వస్తాయో అక్కడి ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

చివరగా మీ అత్తగారి మాట. “రెండూ వద్దు” అన్నది ఆవిడ మొండితనం కాదు, అలసట. మూడు కీమోలు చేయించుకున్నవారికి ఎవరికైనా వస్తుంది. ఆవిడ ఎదురుగా నలుగురూ నాలుగు మాటలు అనకండి. రెండు ఆసుపత్రుల కాగితాలూ తీసుకొని వెళ్ళి, ఇద్దరు డాక్టర్లనూ ఫోనులోనైనా ఒకరితో ఒకరు మాట్లాడమని అడగండి. అలా అడగటం అమర్యాద కాదు. ఆ తర్వాత ఆవిడ పక్కన కూర్చొని, “అత్తయ్యా, ఇప్పుడు కీమో ఒక్కటే. ఆపరేషను సంగతి అది అయ్యాక చూద్దాం. ఈలోగా నొప్పి వస్తే ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలుసు” అని చెప్పండి. రెండు కొండలు ఒకేసారి ఎక్కమంటే ఎవరైనా కూలబడతారు. ముందు ఒక కొండే చూపించండి.

నాలుగో కీమోకు వెళ్ళేరోజున ఆ కాగితం సంచిలో ఉందో లేదో చూసుకోవటం మాత్రం మరచిపోకండి.