ప్రవేశం ఉచితం అంటే నమ్మకండి

"ఈ కాలం వాళ్ళకి కళలంటే ఆసక్తి లేదండీ. ముఖ్యంగా ఆ సాఫ్ట్‌వేరు వాళ్ళకి!"

ఏ సాంస్కృతిక సంస్థ వార్షికోత్సవానికి వెళ్ళినా ఈ ముక్క మైకులో వినపడాల్సిందే. వినేది ఎవరు? పాపం, కష్టపడి వచ్చి కూర్చున్న ఆ నలభై మంది. రానివాళ్ళ మీద కోపాన్ని వచ్చినవాళ్ళ మీద తీర్చుకోవడం మన సభల ప్రత్యేకత.

నాకు ఈ మాట వింటే ఒళ్ళు మంట. అర్ధరాత్రి దాకా వెబ్ సిరీస్ చూసేవాడికి, ఐపీఎల్ వస్తే రెండు నెలలపాటు సాయంత్రాలన్నీ రాసిచ్చేసేవాడికి ఆసక్తి లేదంటే ఎలా? ఆసక్తీ ఉంది, అంతో ఇంతో ఖాళీ కూడా ఉంది. అది మీ దాకా రావట్లేదు, అంతే. 2017లో నెట్‌ఫ్లిక్స్ అధినేత రీడ్ హేస్టింగ్స్ తమకి అసలు పోటీ జనం నిద్రేనని చెప్పాడు. వాడు మన నిద్రలోంచి గంట ఎలా లాక్కోవాలా అని లెక్కలేస్తుంటే, మన నాటక సంస్థలు ఇంకా వెల్‌కమ్ బ్యానర్ మీద ఎవరి ఫొటో పెద్దదుండాలా అని తర్జనభర్జన పడుతున్నాయి.

"టికెట్ కూడా లేదు కదా, ప్రవేశం ఉచితం కదా" అంటారు. ఉచితమా? గ్యారీ బెకర్ అనే ఆర్థికవేత్త 1965లోనే తేల్చేశాడు: ఏ వినోదానికైనా అసలు ఖరీదు అంటే దానికి పెట్టే డబ్బు, దాంతోపాటు దానికయ్యే సమయం. ఆ లెక్కన మీ ఉచిత నాటకం ఖరీదెంతో చూద్దాం.

గచ్చిబౌలిలో పనిచేసేవాడు లక్డీకాపూల్ వైపు ఆరింటి కార్యక్రమానికి వెళ్ళాలంటే నాలుగున్నరకి సీట్లోంచి లేవాలి. లేచాడే అనుకుందాం. ఏడు దాకా ముఖ్య అతిథి జాడ ఉండదు. ఆయనొచ్చాక జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, ఆహ్వానం, అధ్యక్షుడి తొలిపలుకులు, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, శాలువాలు, జ్ఞాపికలు. ఎనిమిదింటికి తెర లేస్తుంది. గంట నాటకం కోసం ఇల్లు చేరేసరికి ఐదారు గంటలు ఖర్చు. ఇంత ఓవర్‌హెడ్ ఉన్న ప్రోటోకాల్ నేను రాస్తే మా టీమ్ లీడ్ నన్ను బతకనిస్తాడా?

ఒకసారి నాటకం మొదలయ్యే వేళకి వెనక వరసలన్నీ ఖాళీ అయిపోవడం చూశాను. ఆ సంస్థ పేరు వద్దులెండి. వాళ్ళకి నాటకం నచ్చక కాదు, ఇంకా చూడనే లేదు! బస్సులున్నాయి, పొద్దున్నే స్కూళ్ళున్నాయి. నెలల తరబడి రిహార్సల్ చేసిన నటుడు ఖాళీ కుర్చీల ముందు ఆడాడు. శాలువా కప్పించుకున్నాయన అప్పటికే కారెక్కేశాడు. నష్టపోయిందెవరు?

ఇక్కడే అసలు బగ్ దొరుకుతుంది. ఈ సంస్థల కస్టమర్ ప్రేక్షకుడు కాదు. గ్రాంటు ఇప్పించేవాడు, విరాళం రాసేవాడు, మర్నాడు పేపర్లో ఫొటో వేయించేవాడు: వీళ్ళందరూ వేదిక మీద ఉంటారు. కార్యక్రమం కూడా వాళ్ళ వీలు చూసుకునే నడుస్తుంది. కింద కూర్చున్నవాళ్ళు ఫొటోలో నిండుదనానికి. అలాంటప్పుడు ప్రేక్షకుడి సమయం కోసం ఎవరైనా ఎందుకు పోటీ పడతారు?

"ఉపదేశాలు బానే ఉన్నాయి, చేసి చూపించినవాళ్ళున్నారా?" అంటారా? ఉన్నారు. మా జహీరాబాద్ రండి. హైదరాబాదు నుంచి బొంబాయి హైవే మీద వంద కిలోమీటర్లు. మా ఊరి పక్కనే పస్తాపూర్. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా సంఘాలు మాచ్‌నూర్‌లో సంఘం రేడియో పెట్టుకున్నాయి. 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలయ్యాయి. స్టేషన్ నడిపిందీ వాళ్ళే, పాటలూ కథలూ వాళ్ళవే. ప్రసారం ఎప్పుడు పెట్టుకున్నారో తెలుసా? సాయంత్రం ఏడు ప్రాంతంలో, పొలం నుంచి ఇల్లు చేరాక. వినేవాళ్ళకి ఎప్పుడు వీలవుతుందో చూసి పెట్టుకున్న టైమది. ఏ అతిథి డైరీ చూడలేదు.

దీని విలువ తెలియాలంటే ఒక అంకె చూడండి. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళకి రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పోతాయి. చేసే మగవాళ్ళకి 97. పొయ్యి మీద కూడు ఉడుకుతుండగా ఆరింటి సభకి రమ్మంటే ఎవరొస్తారు? రేడియో అయితే ఆ పొయ్యి పక్కకే వస్తుంది.

ఆ సంఘాలదే పాత పంటల జాతర కూడా. సంక్రాంతి రోజుల్లో మొదలై దాదాపు నెలపాటు, అలంకరించిన ఎడ్లబళ్ళ మీద పాత విత్తనాలు పెట్టుకుని, పాటలతో ఊరూరూ తిరుగుతుంది. "పల్లెల్లో జనం రావట్లేదు" అని వాళ్ళు ఏ మైకులోనూ ఏడవలేదు. జనం దగ్గరికే బండి కట్టారు.

"అదేదో పల్లెటూరి వ్యవహారం, మాది శాస్త్రీయ కళ, కుదించడం కుదరదు" అనేవాళ్ళకో మాట. మిమ్మల్ని రాగం కుదించమని ఎవరడిగారు? బౌమోల్, బోవెన్ అనే ఇద్దరు 1966లో ప్రదర్శన కళల మీద పుస్తకమే రాశారు. నలుగురు వాయించే కచేరీకి వందేళ్ళ తర్వాతా ఆ నలుగురే కావాలి, అంతసేపే పడుతుంది, కాబట్టి ఖర్చు పెరుగుతూనే పోతుందన్నారు. నిజమే. కళలో ఆదా చేయలేం. అంటే మిగిలిన ఆదా అంతా కళ చుట్టూ ఉన్నదాంట్లోనే కదా! కోయాల్సింది శాలువాలనే.

టికెట్ పెడితే రారంటారా? 1885లో కడప జిల్లా సురభిలో కీచక వధతో మొదలైన నాటక సమాజం ఊరూరా సొంత పందిళ్ళు వేసుకుని, టికెట్లమ్మి తరాల పాటు బతికింది. గ్రాంటు కాదు, ఆ పూట వసూలే కూడు. అందుకే మాయాబజార్‌లో జనం కళ్ళార్పకుండా చూసేలా తంత్రాలు కనిపెట్టారు. టికెట్ కొన్నవాడిని రెండు గంటలు కూర్చోబెట్టి సన్మానాలు చూపిస్తే ఊరుకుంటాడా?

అందుకే నిర్వాహకులకి నావి నాలుగే డిమాండ్లు. కార్డు మీద తెర లేచే టైమూ, దిగే టైమూ రెండూ వేయండి. సన్మానాలు నాటకం అయ్యాక పెట్టుకోండి, ఉండేవాళ్ళు ఉంటారు. యాభై రూపాయలైనా సరే టికెట్ పెట్టండి. నెలకొక్క ఆటైనా జనం ఉండే చోటికి, శని ఆదివారాల్లో, పట్టుకురండి. గచ్చిబౌలి అపార్టుమెంట్ల క్లబ్ హౌసులు ఖాళీగానే ఉన్నాయి, జహీరాబాద్‌లో స్కూలు గ్రౌండ్లూ ఉన్నాయి.

ఇవన్నీ చేశాక కూడా మేం రాకపోతే అప్పుడు తిట్టండి. పడతాం. అప్పటిదాకా మాత్రం ఆ మైకు కాస్త నటుడికివ్వండి.