విమానం ఎక్కడం ఎవరికి రాదు?

"మనవాళ్ళకి విమానం ఎక్కడం రాదండీ." ఈ మాట ఈమధ్య తెగ వినబడుతోంది. ఆఫీసు క్యాంటీన్లో వింటున్నాను, సెలవులకొచ్చిన అమెరికా స్నేహితుల నోట వింటున్నాను, కథలూ కవిత్వం రాసేవాళ్ళ ఫేస్‌బుక్ గోడల మీద కూడా చదువుతున్నాను. చెప్పేవాళ్ళు ‘మనవాళ్ళు’ అంటారు గానీ అందులో తాము ఉండరు. ఉండేదెవరంటే, గల్ఫ్ నుంచి దుప్పట్ల మూటతో దిగే జగిత్యాల మనిషి, కూతురి పురిటికి డాలస్ పోతున్న అమ్మ, జీవితంలో మొదటిసారి సీటు బెల్టు చూసిన పెళ్ళివారి గుంపు. వీళ్ళు గట్టిగా మాట్లాడతారట. బాత్రూం తలుపు ఎటు తోయాలో తెలీదట. చక్రాలు నేలకి తగలగానే లేచి నిలబడతారట. రీల్స్ నిండా ఇదే కామెడీ.

నాకు ఈ కామెడీ నచ్చదు. మర్యాద కోసం ఈ మాట అనడం లేదు. అది అబద్ధం కాబట్టి నచ్చదు.

మాది ఖమ్మం జిల్లా బోనకల్. విజయవాడ-కాజీపేట రైలు మార్గం మీద మధిరకీ ఖమ్మానికీ మధ్య ఉంటుంది. ఉద్యోగం బెంగుళూరులో. ఇంటికి రావాలంటే శంషాబాద్ కన్నా గన్నవరం దగ్గర కాబట్టి అక్కడ దిగి, విజయవాడలో రైలెక్కుతాను. అంటే ఒకే పూటలో విమానంలో మనుషుల్నీ, జనరల్ పెట్టెలో మనుషుల్నీ పక్కపక్కన చూస్తుంటాను. పదేళ్ళుగా చూస్తున్నాక చెబుతున్నా: విమానంలో తోటి ప్రయాణికుల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఎక్కడం రానివాళ్ళు కాదు. ఎక్కడం మరీ బాగా వచ్చినవాళ్ళు.

వాళ్ళని గుర్తుపట్టడం తేలికే. తన జోన్ పిలవకముందే లైన్లో ముందు నిలబడతాడు. తన సీటు ఇరవై రెండో వరుసలో అయినా బ్యాగు మాత్రం ఐదో వరుస పైన పెట్టేస్తాడు, దిగేటప్పుడు సులువుగా ఉంటుందని. ఆ ఐదో వరుసలో కూర్చోవాల్సిన ముసలాయన తన సంచి ఒళ్ళో పెట్టుకుని దిక్కులు చూస్తాడు. తలుపులు మూసేదాకా స్పీకర్ ఆన్ చేసి క్లయింట్ కాల్. గాల్లోకి లేవగానే వెనక ఎవరున్నారో చూడకుండా సీటు వెనక్కి వాల్చడం. చవక విమానాల్లో వరుసకీ వరుసకీ మధ్య ఉండేది సుమారు 28 నుంచి 30 అంగుళాలు. ఆ కాస్త జాగాలో వెనకావిడ మోకాళ్ళు, ట్రే మీద టీ కప్పు ఉన్నాయన్న ఆలోచనే రాదు. అడిగితే జవాబు రెడీగా ఉంటుంది: "ఐ పెయిడ్ ఫర్ దిస్ సీట్."

ఈయనకి నియమాలు తెలీక కాదు. అన్నీ తెలుసు. ఏ నియమాన్ని ఎంతవరకు సాగదీస్తే ఎవరూ ఏమీ అనరో అది కూడా తెలుసు.

నమ్మకం కలగకపోతే మన దేశంలో పెద్ద వార్తలైన గొడవల్నే చూడండి. 2017 మార్చిలో ఎయిర్ ఇండియా ఉద్యోగిని చెప్పుతో కొట్టానని కెమెరాల ముందు గొప్పగా చెప్పుకున్నది శివసేన ఎంపీ రవీంద్ర గైక్వాడ్. అదే ఏడాది జూన్‌లో విశాఖపట్నం విమానాశ్రయంలో, కౌంటర్ మూసేశాక వచ్చి, బోర్డింగ్ పాస్ ఇవ్వలేదని ఇండిగో సిబ్బంది మీద వీరంగం వేసింది మన అనంతపురం ఎంపీ జేసీ దివాకర్ రెడ్డి. విమాన సంస్థలు వరసగా ఆయన మీద నిషేధం పెట్టాయి, మరుసటి నెలలోనే ఎత్తేశాయి. 2022 నవంబర్ 26న న్యూయార్క్-ఢిల్లీ ఎయిర్ ఇండియా విమానంలో తాగిన మత్తులో ఒక పెద్దావిడ మీద మూత్రం పోశాడన్న ఆరోపణ వచ్చింది. ఆరోపణ ఎదుర్కొన్నవాడు బిజినెస్ క్లాసు ప్రయాణికుడు, విదేశీ ఆర్థిక సంస్థలో పెద్ద ఉద్యోగి. సంస్థ అతనికి 4 నెలల నిషేధం విధించింది. సంస్థకేమో డీజీసీఏ 30 లక్షల జరిమానా వేసింది. ఈ ముగ్గురిలో విమానం ఎక్కడం రానివాడు ఎవరు?

గైక్వాడ్ గొడవ తర్వాతే, 2017 సెప్టెంబర్‌లో డీజీసీఏ నో-ఫ్లై జాబితా నియమాలు తెచ్చింది. నోటితో వేధిస్తే 3 నెలల దాకా, చెయ్యి చేసుకుంటే 6 నెలల దాకా, ప్రాణాపాయం తెస్తే కనీసం 2 ఏళ్ళు విమానం ఎక్కనివ్వరు. దుప్పటి మూట మనిషి కోసం పుట్టిన నియమాలు కావివి.

ఇక్కడ కాస్త సాహిత్యం మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఈ నవ్వుకి మనం తరచూ సాహిత్యాన్నే సాక్ష్యం తెస్తాం. "బారిస్టర్ పార్వతీశం చదివి నవ్వుకోలేదా? ఇదీ అంతే కదా" అంటారు. అంతే కాదు. 1924లో మొదటి భాగం వచ్చిన మొక్కపాటి నరసింహశాస్త్రి నవల మొగల్తూరు కుర్రాడు రైలెక్కి, ఓడెక్కి ఇంగ్లండ్ పోయే కథ. దొరసానుల టోపీ కొనుక్కుని నెత్తిన పెట్టుకున్నాడని మనం పడీపడీ నవ్వుతాం. కానీ ఆ కథ చెప్పేది పార్వతీశమే. తన మీద తనే నవ్వుతూ మనల్ని నవ్విస్తాడు. అతని బెరుకు మనకి లోపలినుంచి తెలుస్తుంది, అందుకే నవ్వుతూనే అతని పక్షాన ఉంటాం. రీల్స్‌లో పార్వతీశానికి నోరు లేదు. పక్క సీటు పార్వతీశాన్ని అడక్కుండా ఫోన్లో వీడియో తీసి, పైన పాట తగిలించి, లక్షమందికి చూపించడం హాస్యం ఎలా అవుతుంది? నా లెక్కలో విమానంలో జరిగే అమర్యాదల్లో అన్నిటికన్నా నీచమైంది ఇదే. సీటు వాల్చినవాడు రెండు గంటలు బాధపెడతాడు. వీడియో తీసినవాడు ఆ మనిషిని ఊళ్ళో తలెత్తుకోనివ్వడు.

మొదటిసారి ఎక్కినవాళ్ళ వల్ల ఇబ్బంది లేదని నేననను. ఉంటుంది. వరుసకి అటూ ఇటూ కూర్చుని నడిదారి మీదుగా మిరపకాయల ధర మాట్లాడుకుంటారు. పిల్లాడు సీటు తంతుంటే చూస్తూ కూర్చుంటారు. కానీ "బాబాయ్, కొంచెం మెల్లగా మాట్లాడరా, తల నొస్తోంది" అని తెలుగులో అడిగి చూడండి. "అట్టాగా నాయనా, చూసుకోలేదు" అని గొంతు తగ్గిస్తారు. అదే స్పీకర్ ఫోన్ పెద్దమనిషిని అడిగి చూడండి. మిమ్మల్ని కిందనుంచి పైదాకా ఓసారి చూస్తాడు. తెలియక చేసే తప్పు ఒక్క మాటతో పోతుంది. నా హక్కు అనుకుని చేసేది గొడవ పడ్డా పోదు.

అసలు వాళ్ళకి ఎవరైనా చెప్పారా? గన్నవరంలో దిగే విమానంలో సగం పైగా తెలుగువాళ్ళే ఉంటారు. నేనెక్కిన వాటిలో చాలాసార్లు భద్రతా సూచనలు ఇంగ్లీషులో, హిందీలోనే విన్నాను. బెల్టు ఎలా పెట్టుకోవాలో, ఎమర్జెన్సీ తలుపు ఎక్కడుందో మా పెద్దమ్మకి అర్థమయ్యే భాషలో చెప్పరు. చెప్పనిది పాటించలేదని మళ్ళీ నవ్వుతాం.

వీల్‌చెయిర్ సంగతీ ఇలాంటిదే. అమెరికా వెళ్ళే విమానాల దగ్గర మన తల్లిదండ్రుల వీల్‌చెయిర్ల వరస మీద బోలెడు జోకులున్నాయి. ఎక్కేటప్పుడు కుర్చీలో వచ్చినవాళ్ళు దిగేటప్పుడు నడిచిపోతారని. నిజమే, రోజూ వాకింగ్ చేసే మనిషి కుర్చీలో కూర్చుంటే, నిజంగా కాళ్ళు లేవనివాళ్ళు వెయిటింగులో ఉండిపోతారు. అది అన్యాయమే. కానీ ఆ వీల్‌చెయిర్‌కి టిక్కు పెట్టింది ఎవరు? టికెట్ బుక్ చేసిన కొడుకు. ఎందుకు పెట్టాడు? అమ్మకి మోకాలి నొప్పి అని కాదు, దోహాలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో గేటు వెతుక్కోవడానికి, ఇమ్మిగ్రేషన్లో జవాబు చెప్పడానికి ఆమెకి భాష లేదని. ఆమెకి కావలసింది తెలుగొచ్చిన మనిషి తోడు. దొరికేది చక్రాల కుర్చీ. దానికోసం విమాన సంస్థల్ని నిలదీయాల్సిన కొడుకు ఫ్రీగా వచ్చిన టిక్కుతో సరిపెట్టుకున్నాడు. జోకు మాత్రం అమ్మ మీద.

రైల్లో అంతా బంగారం అని కూడా అనను. కిటికీలోంచి తువ్వాలు విసిరి నలుగురి సీటు ఆపే మొనగాళ్ళు మా బోనకల్ ప్లాట్‌ఫాం మీద కూడా ఉన్నారు. అరుపులు, తోపులాట అన్నీ ఉంటాయి. కానీ అక్కడ ‘కొంచెం సర్దుకోండి’ అనే మాట ఒకటుంది. ముగ్గురి సీటులో నాలుగో మనిషి ఆ మాట అన్నాక జరగని వాడిని పెట్టంతా చూస్తుంది. పోట్లాడుకున్నవాళ్ళే డోర్నకల్ వచ్చేసరికి వేరుశెనక్కాయల పొట్లం పంచుకుంటారు. విమానంలో ఆ మాట చచ్చిపోయింది. టికెట్ మీద నంబరు పడ్డాక సీటు నాది, పక్కన ఉన్నది మనిషి కాదు, మోచేతి చోటుకి పోటీదారు. కష్టం వస్తే పక్కమనిషితో మాట్లాడం, బెల్లు నొక్కి ఎయిర్ హోస్టెస్‌ని పిలుస్తాం. మన గొడవ తీర్చడం ఆ పిల్ల డ్యూటీ అయినట్టు. విమాన సంస్థలకి ఇదే కావాలి. కాళ్ళ జాగా, కిటికీ, ముందు వరస అన్నీ విడివిడిగా అమ్ముకుని, మిగిలిన అంగుళాల కోసం మనల్ని మనతో కొట్టుకోమంటాయి. వాటి దురాశ నిజమే. అయినా, వెనక్కి తిరిగి "వాల్చుకోవచ్చా అండీ?" అని అడగడానికి ఏ సంస్థా చార్జీ తీసుకోదు.

"ఇంత చిన్న విషయాలకి ఇంత వ్యాసమా" అంటారేమో. చిన్నవి కావు. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్ళిన ఎమిరేట్స్ విమానం దుబాయ్‌లో దిగుతూ కూలి, మంటలంటుకుంది. లోపల తీసిన వీడియోలో పొగ నిండుతుంటే జనం పైనున్న బ్యాగులు లాక్కుంటూ కనబడతారు. విమానంలో ఉన్న 300 మందీ బతికారు, మంటలార్పడానికి వచ్చిన ఒక ఫైర్‌మన్ చనిపోయాడు. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం కోస్ట్ గార్డ్ విమానాన్ని గుద్దుకుని కాలిపోయింది. కోస్ట్ గార్డ్ వాళ్ళు ఐదుగురు పోయారు. పెద్ద విమానంలోని 379 మందీ బయటపడ్డారు, దాదాపు అందరూ బ్యాగులు వదిలేసి. సగం తలుపులు పనిచెయ్యకపోయినా 90 సెకన్లలో అందరూ దిగిపోగలగాలన్నది విమానానికి అనుమతి ఇచ్చేటప్పుడు పెట్టే పరీక్ష. ఆ పరీక్షలో జనం తమ బ్యాగులు లాక్కుని దిగే లెక్క లేదు. సీటు బెల్టు గుర్తు ఆరకముందే లేచి, మనుషుల తలల మీదుగా బ్యాగు లాగే చెయ్యి, రేపు పొగలో కూడా అదే పని చేస్తుంది. చేతికి అలవాటైంది అది.

గన్నవరంలో గమనించండి. చక్రాలు తగలగానే ముందు లేచేది సాధారణంగా దుప్పటి మూట మనిషి కాదు. ముందు లేచేది ల్యాప్‌టాప్ బ్యాగు. అది చూసి, లేవాలి కాబోలనుకుని వెనకనుంచి మా పెద్దమ్మలు, బాబాయిలు లేస్తారు. వాళ్ళకి విమానం ఎక్కడం, దిగడం నేర్పుతున్నది మనమే. పాఠం చెడ్డదైతే తిట్టాల్సింది పిల్లల్ని కాదు, పంతుల్ని.