బొగ్గుతోపాటు బూడిదకూ రైలు కిరాయి

బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలోని తోర్వాలో తెలుగు కుటుంబాలకు గూడ్సు బండి చప్పుడు కొత్త కాదు. 2003లో ఈ నగరం కేంద్రంగా ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు బొగ్గే ప్రధాన సరుకు. 2022 ఏప్రిల్, మే నెలల్లో విద్యుత్ కేంద్రాల్లో నిల్వలు అడుగంటినప్పుడు బొగ్గు రేకులకు దారి ఇవ్వడానికి దేశంలో ప్రయాణికుల బండ్లను వందల ట్రిప్పులు రద్దు చేశారు. ఆ దెబ్బ బాగా తగిలిన జోన్లలో ఇదొకటి. అంత అత్యవసరంగా పంపిన ఆ వ్యాగన్లలో ఉన్నదంతా బొగ్గేనా?

కాదు. మన బొగ్గులో సాధారణంగా 30 నుంచి 45 శాతం దాకా బూడిదే. ఒక రేకులో సుమారు నాలుగు వేల టన్నులు పడతాయి. బూడిద 40 శాతం అనుకుంటే, అందులో 1,600 టన్నులు మండని పదార్థం. దాన్ని వందల కిలోమీటర్లు మోసుకెళ్లి, బాయిలర్‌లో వేసి, చివరకు బూడిద చెరువులో పోస్తున్నాం.

దీన్ని అదుపు చేసే నిబంధన ఒకటి ఉండేది. గని నుంచి 500 కిలోమీటర్లకు మించిన దూరంలోని విద్యుత్ కేంద్రాలు 34 శాతానికి మించి బూడిద లేని బొగ్గే వాడాలని కేంద్రం 2014లో చెప్పింది. 2020 మే 21న ఆ పరిమితిని ఎత్తేసింది. బొగ్గును కడిగితే కాలుష్యం విద్యుత్ కేంద్రం నుంచి గని దగ్గరకు మారుతుందే తప్ప తగ్గదన్నది ప్రభుత్వ వాదన. అందులో కొంత నిజం ఉంది. వాషరీకి నీళ్లు కావాలి, మురికి నీరు బయటికొస్తుంది, నాసిరకం తుక్కు మిగులుతుంది. బిలాస్‌పూర్, కోర్బా జిల్లాల్లో వాషరీల చుట్టుపక్కల ఊళ్లకు ఇది తెలియని సంగతి కాదు. అయితే దానికి మందు వాషరీలను కట్టడి చేయడం. పరిమితినే తీసేయడం కాదు.

అసలు చిక్కు డబ్బు లెక్కలో ఉంది. 2012 నుంచి బొగ్గు ధరను దాని ఉష్ణ విలువను బట్టి నిర్ణయిస్తున్నారు. రైలు కిరాయి మాత్రం బరువును బట్టే. బూడిద మోసినా రైల్వేకు ఆదాయమే. విద్యుత్ కేంద్రం ఇంధన ఖర్చును డిస్కమ్ మీద వేస్తుంది, డిస్కమ్ వినియోగదారుడి మీద వేస్తుంది. ఆంధ్రప్రదేశ్ కరెంటు బిల్లుల్లో కనిపించే ఇంధన సర్దుబాటు చార్జీల పద్ధతి ఇదే. గొలుసులో ఎవరికీ నష్టం లేనప్పుడు బూడిద తగ్గించాలన్న తొందర ఎవరికుంటుంది?

భీమవరం రొయ్యల సంగతి వేరు. యాంటీబయాటిక్ అవశేషాలు కనిపిస్తే విదేశీ కొనుగోలుదారు సరుకు తిప్పి పంపుతాడు. ఆ భయమే చెరువు దాకా క్రమశిక్షణ తెస్తుంది. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో పర్యావరణహిత సరఫరా గురించి జరిగే చర్చ చాలావరకు ఇలాంటి ఎగుమతుల చుట్టూనే తిరుగుతుంది. బొగ్గుకు అలా నిలదీసే కొనుగోలుదారు లేడు. కొనేది ఎక్కువగా మన విద్యుత్ సంస్థలే. కాబట్టి అడగాల్సిన బాధ్యత మన విద్యుత్ నియంత్రణ మండళ్లది.

చేయగలిగినవి లేకపోలేదు. దూరం పెరిగేకొద్దీ బూడిద పరిమితిని బిగించాలి. వాడిన నీటినే మళ్లీ వాడే వాషరీలకే అనుమతి ఇవ్వాలి. లారీల బదులు మూసిన కన్వేయర్లతో, సైలోలతో బొగ్గును వ్యాగన్లకు ఎక్కించే పనిని కోల్ ఇండియా మొదలుపెట్టింది. దాన్ని త్వరగా పూర్తి చేయాలి. వాడని బూడిదపై టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం వసూలు చేయాలని 2021 డిసెంబరు నోటిఫికేషన్ చెబుతోంది. ఆ భారం బిల్లులోకి జారకుండా చూడాలి.

గని పక్కనే విద్యుత్ తయారుచేసి తీగల మీద పంపితే రైలు భారం తప్పుతుంది. బిలాస్‌పూర్ దగ్గరి సీపత్‌లో ఎన్టీపీసీ 2,980 మెగావాట్ల కేంద్రం ఆ ఆలోచనతో వచ్చిందే. కానీ బూడిదంతా ఇక్కడే మిగులుతుంది. దూరంగా ఉన్నవారికి వెలుగు, ఇక్కడివారికి బూడిద అయితే గొలుసు పొడవు తగ్గిందే తప్ప అన్యాయం తగ్గలేదు. రైలు కరెంటు ఇంజనుతో నడుస్తోందని సరఫరా శుభ్రమైపోదు. ఆ ఇంజను లాగుతున్న బరువులో ఎంత పనికొస్తుందో, మిగతాది ఎవరి ఊళ్లో పడుతుందో కూడా లెక్కలోకి రావాలి.