నీళ్ళ దిండు



దూది దిండు మీ అందరికీ తెలుసు. నీళ్ళ దిండును ఎప్పుడైనా చూచారా? అది తలకింద పెట్టుకునేది కాదు. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉండి, నిండినప్పుడు మీ నడుము ఎత్తుకు పొంగుతుంది. ఖాళీ అయినప్పుడు మాత్రం చాపలాగా మడిచి ఇద్దరు మనుషులు మోసుకుపోవచ్చు. వాననీటిని దాచుకునే తొట్లలో ఇది ఒక రకం.

గట్టి నేతగుడ్డకు రెండు వైపులా నీరు కారని పూత పూసి, అంచులను వేడితో అతికి దీన్ని చేస్తారు. తోలుసంచిలో నీళ్ళు పట్టటం మనవాళ్ళకు కొత్త కాదు. నా చిన్నతనంలో కపిల తోలే బావుల్ని చూచాను. ఎద్దులు లాగుతుంటే తోలుబాన బావిలోనుంచి పైకి వచ్చి కాలువలో నీళ్ళు కుమ్మరించేది. భిస్తీవాడు వీపున మోసే తోలుతిత్తి కూడా ఇటువంటిదే. తోలు స్థానంలో నేతగుడ్డ వచ్చింది, సంచి పెద్దదయింది, అంతే తేడా. ఆస్ట్రేలియాలో కొయ్యనేల కింద ఖాళీ స్థలం ఉండే ఇళ్ళున్నాయి. అక్కడ కొందరు ఆ ఖాళీలోనే ఇటువంటి సంచులను పరిచి, ఇంటికప్పు మీద పడిన వానను వాటిలో నింపుకుంటారు. 2010లో హైతీ దేశంలో పెద్ద భూకంపం వచ్చి ఇళ్ళు కూలినప్పుడు, జనం తలదాచుకున్న శిబిరాలలో లారీలు తెచ్చిన మంచినీళ్ళను పోసింది ఈ దిండ్లలోనే. సిమెంటుతొట్టి కట్టాలంటే రోజులు పడుతుంది. సంచిని పరవటం ఒక పూట పని.

"మా ఊళ్ళో వానలే సరిగా పడవు, సంచి ఎందుకు, గోతం ఎందుకు?" అని మీలో ఎవరైనా అనవచ్చు. అయితే పలక తీసుకోండి, లెక్క వేద్దాము.

వాన ఒక మిల్లీమీటరు పడిందంటే, చదరపు మీటరు చోటు మీద ఒక లీటరు నీరు పడిందన్నమాట. ఇది ఒక్కటి గుర్తుంటే చాలు. మీ ఇంటికప్పు 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు అనుకుందాము. అంటే 60 చదరపు మీటర్లు. (పెంకుటిల్లయితే కప్పు ఎక్కి వాలును కొలవకండి! ఆ కప్పు నేలమీద ఎంత చోటుకు నీడ పడుతుందో, అది కొలిస్తే సరిపోతుంది. ఆకాశంనుంచి చూస్తే వానకు కనిపించేది అంతే గదా.) ఒక మిల్లీమీటరు వానకు 60 లీటర్లు పడతాయి. కప్పు కొంత పీల్చుకుంటుంది, కొంత చిమ్మిపోతుంది. అయిదింట ఒక వంతు పోయిందనుకుంటే మనకు దక్కేది 48 లీటర్లు.

మన రాష్ట్రాలలో వానకు మొహం వాచిన చోటు ఏదంటే అనంతపురం ప్రాంతమే అని చెబుతారు. అక్కడ కూడా ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు కురుస్తుంది. 48ని 550తో హెచ్చవేయండి. 26,400 లీటర్లు! ఇక ఇంట్లో అయిదుగురున్నారు, తాగటానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు చాలనుకుందాము. రోజుకు 25 లీటర్లు, ఏడాదికి 9,125 లీటర్లు. చూచారా? కరువుసీమ అని పేరుపడ్డ చోట కూడా ఒక చిన్న ఇంటి కప్పు, ఆ ఇంటివారు తాగి వండుకునేదానికి దాదాపు మూడింతలు పట్టి ఇస్తున్నది.

మరి చిక్కు ఎక్కడున్నది? ఆ వాన ఏడాది పొడుగునా కాక, చాలావరకు జూన్ నుంచి అక్టోబరు లోపల కురుస్తుంది. దాహం మాత్రం నవంబరు నుంచి మే దాకా కూడా వేస్తుంది. ఆ ఏడు నెలలకు 212 రోజులు. రోజుకు 25 చొప్పున 5,300 లీటర్లు కావాలి. నేను మొదట చెప్పిన దిండు సుమారు 5,000 లీటర్లు పడుతుంది. నడుమ నవంబరులోనో మే నెలలోనో ఒకటి రెండు జల్లులు పడకపోవు, కాబట్టి లెక్క ఇంచుమించు సరిపోతుంది. ఆ దిండు నిండటానికి ఎంత వాన కావాలి? 5,000ను 48తో భాగిస్తే 104 మిల్లీమీటర్లు. అంటే అనంతపురంలో ఏడాది మొత్తం కురిసే వానలో అయిదో వంతుకన్నా తక్కువ! మిగిలిన నీటిని ఇంకుడుగుంతలోకి వదిలితే నేలతల్లి దాచిపెడుతుంది.

నేలలో ఇంకిన నీరు బావిలో ఉంటుంది గదా, దాన్నే తాగరాదా అంటారేమో. చాలా ఊళ్ళలో తాగవచ్చు. కొన్ని ఊళ్ళలో తాగకూడదు. అప్పటి నెల్లూరు జిల్లాలోని కొన్ని పల్లెలలో జనానికి పళ్ళు గారపట్టి, ఎముకలు బిగుసుకుపోయి, నడుములు వంగిపోతుంటే వైద్యులు పరీక్షించి, అది బావినీళ్ళలోని ఫ్లోరైడు వల్ల వచ్చిన జబ్బు అని 1937లో లోకానికి తెలియజేశారు. నేలలోపలి కొన్ని రాళ్ళలో ఫ్లోరైడు ఉంటుంది. వాటి సందులలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు దాన్ని కరిగించుకుంటుంది. నల్లగొండ పల్లెలలోనూ ఈ జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. ఆ నీళ్ళు చూడటానికి తేటగానే ఉంటాయి! మరగబెట్టినా అందులోని ఫ్లోరైడు పోదు. వానచినుకు అయితే రాతి ముఖం చూడకుండా మేఘంనుంచి నేరుగా మన కప్పు మీదికే దిగుతుంది.

అలాగని కప్పునుంచి దిగిన నీళ్ళను అట్లాగే తాగేస్తామా? కప్పు మీద కాకులుంటాయి, ధూళి ఉంటుంది, ఎండుటాకులుంటాయి. అందుకని ప్రతి వానలోనూ మొదట దిగే మురికినీటిని దిండులోకి పోనివ్వరు. కప్పునుంచి వచ్చే గొట్టానికి పక్కన, అడుగు మూసిన ఇంకొక లావుపాటి గొట్టం నిలువుగా పెడతారు. ముందు వచ్చిన మురికి అందులోకి దిగి నిండుతుంది. అది నిండిన తరువాతే వెనుక వచ్చే తేటనీరు దిండు దారి పడుతుంది. వాన వెలిసిన తరువాత అడుగు మూత తీసి ఆ నీళ్ళు చెట్లకు పోయవచ్చు. ఇంత చేసినా తాగే నీళ్ళను మరగబెట్టవలసిందే. క్రిములు ఫ్లోరైడులాగా మొండివి కావు, మరిగే నీళ్ళలో చస్తాయి.

ఇప్పుడొక చిన్న ప్రయోగం. ఖాళీ పాలసంచిని కడిగి, నీళ్ళు నింపి, మూతి బిగించి కట్టండి. బల్లమీద పడుకోబెడితే అది బల్లపరుపుగా పరుచుకుంటుంది. దాన్ని నిలువుగా పట్టుకుని, పైన ఒక చోట, అడుగున ఒక చోట సూదితో పొడవండి. ఏ ధార దూరంగా పడుతుంది? అడుగుదే. నీరు లోతైనకొద్దీ అడుగున ఒత్తిడి ఎక్కువవుతుందన్నమాట. దిండు ఎత్తుకు పోకుండా పొట్టిగా పరుచుకుంటుంది కాబట్టే పలచని గుడ్డ అంత నీటికి తట్టుకోగలుగుతున్నది. అందువల్లనే దాని కుళాయి ధార కూడా మందంగా ఉంటుంది. సగం ఖాళీ అయితే మరీ మందం. అటువంటప్పుడు చేతిపంపు పెట్టుకోవాలి.

ఇంకొక సంగతి గమనించారా? సీసాను బోర్లిస్తే "బుడుగు బుడుగు"మంటుంది. బయటికి పోయే నీటి చోటులోకి గాలి దూరుతుంది. తొట్టి అయినా అంతే, నీరు తగ్గినకొద్దీ గాలి, గాలితోపాటు దుమ్ము చేరుతుంది. సంచి అట్లా కాదు, నీరు తగ్గినకొద్దీ తానే ముడుచుకుపోతుంది. లోపల వెలుతురు లేదు కాబట్టి పాచి పట్టదు. ఎండకు ఆవిరైపోవటం లేదు. డెంగ్యూ తెచ్చే దోమ మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది గదా, దానికి ఇక్కడ దారి దొరకదు. గాలి పోవటానికి ఉంచిన చిన్న గొట్టానికి మాత్రం సన్నని వల కట్టాలి. నిండిన తరువాత ఎక్కువైన నీరు పొర్లిపోవటానికి ఒక దారి తప్పకుండా ఉండాలి. లేకపోతే దిండు ఉబ్బి అతుకు ఊడుతుంది.

ఇదేదో మహాద్భుతమని నేను చెప్పటం లేదు. సొంత స్థలం, డబ్బు, తీరిక ఉన్నవారు మంచి తొట్టి కట్టుకుంటే అది ఎక్కువ కాలం మన్నుతుంది. అద్దె ఇంట్లో ఉండేవారికి, ఇరుకు చోట ఉండేవారికి సంచి నయం. దానికి శత్రువులు చాలామంది. ఎండ గుడ్డను పెళుసు చేస్తుంది కాబట్టి పైన నీడ ఉండాలి. ముల్లు, గాజుపెంకు, ఎలుక, పందికొక్కు, వీటిలో ఏ ఒక్కటి చాలు ఆరు నెలల నీటిని ఒక్క రాత్రిలో నేలపాలు చెయ్యటానికి! రాళ్ళు ఏరి, ఇసుక పరిచి, మట్టసంగా చదును చేసిన నేలమీదనే దాన్ని పరవాలి. ఏటవాలుగా ఉంటే నీరంతా పల్లం వైపుకు చేరి సంచిని దొర్లిస్తుంది. కొనేటప్పుడు అది తాగే నీళ్ళకు పనికివచ్చే పూతేనా అని అడిగి తెలుసుకోవాలి. నూనెకూ ఎరువుకూ చేసిన సంచులు వేరే ఉంటాయి.

దాన్ని డాబా మీద పెడితే కుళాయి ధార బాగా వస్తుంది గదా అని మీకు తోచిందా? మంచి ఆలోచనే, కాని బరువు సంగతి చూడండి. లీటరు నీరు ఒక కిలో. 5,000 లీటర్లంటే 5 టన్నులు, బాగా ఎదిగిన మగ ఏనుగంత! మీ డాబా మీదికి ఏనుగును ఎక్కిస్తారా? మెత్తగా ఊగుతుంది గదా అని పిల్లలు దిండు ఎక్కి గెంతటం కూడా ఎంతమాత్రం పనికిరాదు. అంత నీరు ఒక్కసారి పక్కకు కదిలితే కాలు కింద పడినవాణ్ణి లాగటం పెద్దవాళ్ళకు కూడా కష్టం.

ఇక మీకొక లెక్క. ఒక బడికప్పు 30 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉన్నది. అయిదింట ఒక వంతు నీరు వృథా పోతుంది. 10,000 లీటర్ల దిండు నిండటానికి ఎన్ని మిల్లీమీటర్ల వాన పడాలి? అది తేలిన తరువాత మీ బడికప్పును కూడా కొలిచి చూడండి. కొలతకు టేపు లేకపోతే అడుగులతోనైనా సరే.